తొవ్వ ఏది బిడ్డా?

 

సంఘం పెద్దలు మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు చదువుల గురించో, హాస్టల్ వసతుల గురించో చెప్తామనుకున్నట్టున్నారు. అవి మీరు ప్రతి సభలో వింటూనే ఉన్నారు. ఈసారి సినిమా గురించి మాట్లాడతాం. హీరోల సినిమా కాదు. మా హాస్టల్‌లో ఉండి పదో తరగతి దాకా చదివి, ఉట్నూరులో ఇంటర్ పూర్తి చేసి, డిగ్రీకి కరీంనగర్ పోయిన ఒక గోండు అమ్మాయి చిన్న చిన్న డాక్యుమెంటరీలు తీయడం ఎట్లా నేర్చుకుందో చెప్తాం. తన పేరు చెప్పొద్దని మాట తీసుకుంది కాబట్టి 'అమ్మాయి' అనే అనుకుందాం. మేము అంటే మా హాస్టల్ వాళ్లం: వార్డెన్, ట్యూటర్లు, వంట చేసే అక్కలు. ఆ పిల్లను పెంచడంలో అందరి చేయీ ఉంది.

హాస్టల్‌లో ఉన్నన్నాళ్లూ ఆ పిల్ల చేతికి ఫోన్ రాలేదు. నియమం అది. ఇంటర్‌లో వాళ్ల అన్న పాత ఫోన్ ఇచ్చాడు. తెర మూలన పగులు, ఛార్జింగ్ రెండు గంటలు కూడా ఆగదు. మొదటి రెండు సినిమాలూ ఆ ఫోన్‌తోనే తీసింది. ఇది ముందే ఎందుకు చెప్తున్నామంటే, కెమెరా కొనాలంటే లక్ష కావాలి కదా మేడమ్ అని మమ్మల్ని అడిగే పిల్లలు చాలామంది ఉన్నారు.

ఉట్నూరు నుంచి జన్నారం, లక్షెట్టిపేట మీదుగా బస్సులో పోయి గోదావరి దాటితే మన పిల్లలకు వేరే లోకం. మాట వేరు, తిండి వేరు. మొదటి నెల ఆమె రోజూ ఏడ్చింది. తర్వాత రెండు చోట్ల కాలు నిలిచింది. ఒకటి ఒక పెళ్లి వీడియోల స్టూడియో. సాయంత్రాలు అక్కడ కంప్యూటర్ ముందు కూర్చుంటే ఖర్చులకు కొంత ఇచ్చేవాళ్లు. కోయడం, అతికించడం, పాట కింద బొమ్మ పరవడం అక్కడే వచ్చింది. పెళ్లికూతురు ముఖం మీద పూలు రాలడం, పెళ్లికొడుకు గుర్రం మీద గాల్లో తేలడం, అవన్నీ కూడా నేర్చుకుంది. మేము నవ్వితే, "నవ్వకండి మేడమ్, మా నెల ఫీజు ఆ గుర్రమే కట్టింది" అన్నది.

రెండోది సినిమా చూసే అలవాటు. ఆ అలవాటు కరీంనగర్‌కు పాతది. కరీంనగర్ ఫిల్మ్ సొసైటీ, అందరూ కఫిసో అంటారు, దశాబ్దాలుగా దేశదేశాల సినిమాలు, డాక్యుమెంటరీలు ఊరివాళ్లకు చూపిస్తూ వచ్చింది. కవి, సినీ విమర్శకులు వారాల ఆనంద్ గారి లాంటి వాళ్లు దానికోసం ఏళ్ల తరబడి పనిచేశారు. అట్లాంటి ఊళ్లో డిగ్రీ చదవడం ఆమె అదృష్టం. కాలేజీలో ఒక లెక్చరర్ కూడా అప్పుడప్పుడు గోడ మీద సినిమా వేసేవారట. అట్లా 'నానూక్ ఆఫ్ ది నార్త్' చూసింది. రాబర్ట్ ఫ్లాహర్టీ అనే ఆయన 1922లో ఉత్తరాన మంచు దేశపు ఆదివాసుల మీద తీసిన సినిమా. పెద్ద డాక్యుమెంటరీల చరిత్ర దాంతోనే మొదలవుతుందని పుస్తకాలు చెప్తాయి. సినిమా అయిపోయినంక లెక్చరర్ ఒక మాట చెప్పారు. అప్పటికే ఆ మనుషులు తుపాకులతో వేటాడుతున్నారు. సినిమా కోసం వాళ్ల చేత పాత ఈటెలు పట్టించారు. మంచు ఇల్లు లోపల వెలుతురు చాలదని సగం ఇల్లే కట్టించి చలిలో పడుకోబెట్టి తీశారు.

ఆ రాత్రి మాకు ఫోన్ చేసింది. "మేడమ్, దండారికి మన దగ్గరికి వచ్చే కెమెరాల వాళ్లు కూడా ఇంతే కదా? చేతి గడియారం తియ్యి, చెప్పులు విడువు, ఇంకోసారి ఎగురు అంటరు. వందేండ్లయినా అదే మాట."

అయితే ఆమె తీసిన మొదటి సినిమా కూడా దండారే. దీపావళి సెలవులకు ఊరికి వచ్చి గుస్సాడీలను తీసింది. నెమలి పించాల టోపీలు, కాళ్ల గజ్జెలు, డప్పుల మోత, పైనుంచి ఎవరిదో డ్రోన్. నాలుగు నిమిషాలకు కుదించి, స్టూడియోలో నేర్చుకున్న మెరుపులన్నీ పెట్టింది. వేలమంది చూశారు, మంచి మంచి మాటలు రాశారు. మాకూ చూపించింది. మా వంట అక్క ఒకామె, ఆమెదీ గోండు ఇల్లే, చూసి "మస్తుంది" అని కాసేపాగి "ఇందులో ఎవరున్నరు?" అని అడిగింది. నిజమే. ఈకలున్నాయి, కాళ్లున్నాయి, మనిషి లేడు. ఆ నాలుగు నిమిషాల్లో ఒక్క ముఖం మీదైనా కెమెరా మూడు సెకన్లు నిలవలేదు. మన మార్లవాయి గుస్సాడీ కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024లో పోయారు. ఆయన పేరు ఉన్నట్టే ఆ ఈకల కింద ఎగిరే ప్రతి మనిషికీ ఒక పేరు, ఒక పాడి, ఒక ఇల్లు ఉన్నాయి.

ఆ సినిమాలో ఇంకో సంగతి కూడా ఉంది. పూజ దగ్గర కొంత భాగాన్ని దేవారి తీయొద్దన్నారు. అమ్మాయి ఫోన్ దించింది, అప్పటికే తీసిన ముక్కను ఆయన ముందే చెరిపేసింది. ఆ ముక్కకు ఎంత గిరాకీ ఉండేదో ఆమెకు తెలుసు. దీని గురించి మేము ఎక్కువ చెప్పం. దేవుని దగ్గర పెద్దలు వద్దంటే వద్దు, అంతే.

ఇక్కడే మేము ఆమెకు జహీరాబాద్ దిక్కు కథ ఒకటి చెప్పాం, మీకూ చెప్తాం. అక్కడి పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ 1980ల నుంచి దళిత మహిళా రైతుల సంఘాలతో పనిచేస్తోంది. దాన్ని నడిపిన వాళ్లలో ముఖ్యులు పి.వి. సతీష్ గారు, 2023లో పోయారు. ఆయన అంతకుముందు దూరదర్శన్‌లో పనిచేశారు. 1990ల చివర్లో ఆ సంఘాల ఆడవాళ్లు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. చాలామంది బడి ముఖం చూడని వాళ్లు, కూలి చేసుకునే వాళ్లు. వాళ్లకు ఇంగ్లీషు పేర్లు ఎందుకు? కెమెరా పైనుంచి కిందికి చూస్తే దానికి 'పటేల్ షాట్' అని పేరు పెట్టుకున్నారు, దొర కూలోళ్లను చూసినట్టు చూస్తుంది కాబట్టి. కింది నుంచి పైకి చూస్తే అది జీతగాని షాట్. కంటికి కన్ను సమానంగా చూస్తే 'సంగం షాట్', సంగంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కాబట్టి. మన గూడెంలో పటేల్ అంటే ఊరిపెద్ద, మనవాడే. అక్కడ పటేల్ అంటే భూమిగల ఆసామి. ఆ తేడా చెప్పకపోతే మా పిల్లలు గొడవ చేస్తారు, అందుకే చెప్పాం. ఆ ఆడవాళ్లు వరంగల్ జిల్లా పత్తి చేన్లకు పోయి, బీటీ పత్తి వేసిన రైతులకు ఏమైందో ఏళ్ల తరబడి కెమెరాతో వెంబడించి సినిమాలు తీశారు. వాటిని ఇతర దేశాల్లో కూడా చూశారు. మన ఆదిలాబాద్ కూడా పత్తి జిల్లానే, మన చేన్లలో ఏం జరిగిందో మనవాళ్లు ఎవరైనా అట్లా తీస్తే బాగుండు.

అమ్మాయికి సంగం షాట్ అన్న మాట పట్టుకుంది. తర్వాతి వేసవికి ముందు, ఇప్ప పువ్వు రాలే రోజుల్లో, వాళ్ల అమ్మమ్మ వెంట పోయింది. మన ఉట్నూరు ఇప్ప లడ్డు ఇప్పుడు అందరికీ తెలుసు. ఆ పువ్వును ఎవరు ఏరుతారు, ఎప్పుడు లేస్తారు, ఏ చెట్టు ఎవరిది, అది బయటివాళ్లకు తెలియదు. మన పట్నం పిల్లలకు కూడా తెలియదు. పువ్వు రాత్రి, తెల్లవారుజామున రాలుతుంది. ఎండ ఎక్కకముందే, పశువులు రాకముందే ఏరాలి. ముసలామె నాలుగింటికి లేస్తే పిల్లా లేచింది. చీకట్లో ఫోన్‌లో ఏమీ కనపడదు, మాట మాత్రం వినపడుతుంది. అమ్మమ్మ నేల మీద కూర్చుంటే తానూ కూర్చుంది, వంగితే వంగింది. నాలుగు రోజుల్లో మోకాళ్లు కొట్టుకుపోయాయని చెప్పింది. అదే వాళ్లమ్మమ్మ అరవై ఏళ్లుగా చేస్తున్న పని.

అప్పుడు ఆమెకు తెలిసిన పని సంగతులు కొన్ని చెప్తాం, మీకు పనికొస్తాయి. ఫోన్ అడ్డంగా పట్టాలి. ఒక్కో షాట్ మనసులో పది లెక్కపెట్టేదాకా కదిలించొద్దు. బొమ్మ కొంచెం మసకైనా జనం చూస్తారు, మాట వినపడకపోతే మాత్రం లేచిపోతారు. అందుకని డబ్బులుంటే ముందు మైక్ కొనాలి, ఆ తర్వాతే మిగతావి. కొంగుకు తగిలించే చిన్న మైక్ చాలు. అడవిలో గాలి మైక్‌లో బుస్సుమంటుంది, దానికి చిన్న దూది తొడుగు. మాటలన్నీ అయినంక ఒక నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఉత్త అడవి చప్పుడును రికార్డు చేయాలి. కోసి అతికించేటప్పుడు మాటకూ మాటకూ మధ్య సందుల్లో అది పరిస్తే అతుకు తెలియదు. ఇంటికి రాగానే తీసినదాన్ని రెండు చోట్ల దాచాలి. వీటిలో ఒక్కటి కూడా పెళ్లి స్టూడియోలో చెప్పలేదట. అక్కడ చప్పుడంతా పాటే కదా.

నాలుగు రోజుల్లో తీసింది రెండు గంటలకు పైగా వచ్చింది. కరీంనగర్ పోయి మొదట ఎనిమిది నిమిషాలకు కోసింది. స్టూడియో మిత్రులు చూసి, నడక ఎక్కువుంది, ముసలామె నడుస్తనే ఉంది, ఎవరు చూస్తారు అన్నారు. నిజమే అనిపించి మూడున్నర నిమిషాలు చేసింది. చెట్టు, పువ్వు, చేతులు, బుట్ట, ఎండబెట్టడం, నవ్వు. అందంగా ఉంది, మేము కూడా చూశాం.

ఊళ్లో తెల్ల ధోవతి కట్టి, ఎవరో ఇచ్చిన చిన్న ప్రొజెక్టర్‌తో చూపించింది. కరెంటు రెండుసార్లు పోయింది. పిల్లలు అరిచారు, ఆడవాళ్లు తమ చెట్లను గుర్తుపట్టి నవ్వారు. అయిపోయినంక అమ్మమ్మ గోండిలో అడిగింది. ఆ మాటకు తెలుగు ఇది: "తొవ్వ ఏది బిడ్డా?"

పిల్లకు అర్థం కాలేదు. ముసలామె విడమరిచి చెప్పింది. ఇంటి నుంచి చెట్టు దాకా మనం నడిచిన తొవ్వ ఏది? వాగు దాటినం, రాయి దగ్గర ఆగినం, మీ తాత పులిని చూసిన మలుపు, కొత్తగా కందకం తవ్వినందుకు చుట్టూ తిరిగి పోయిన చోటు, అవన్నీ ఏవి? నేను ఆకాశం నుంచి చెట్టు కింద పడ్డట్టు చూపించినవ్.

చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్కసారే మాట్లాడడం మొదలుపెట్టారు. కందకం ఎప్పుడు తవ్విండ్రు, అంతకుముందు ఏ దారిన పోయేవాళ్లం, ఎవరి చెట్లు అవతల పడ్డాయి అని. సినిమా మూడున్నర నిమిషాలు, ఆ మాటలు రెండు గంటలు. పిల్ల తెలివిగలది, మాటలు కూడా రికార్డు చేసింది.

దీనికి మేము ఎందుకింత విలువిస్తున్నామో చెప్పాలి. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. చట్టం ప్రకారం ఇప్ప పువ్వు లాంటి అడవి ఫలసాయం ఏరుకునే హక్కు, అమ్ముకునే హక్కు మనది. ఊరంతటికీ కలిపి సామూహిక హక్కు కూడా అడగొచ్చు. అడిగేటప్పుడు మనం ఎక్కడెక్కడికి పోతున్నాం, ఎప్పటి నుంచి పోతున్నాం అన్నదానికి ఆధారం పెట్టాలి. కాగితమే ఉండాలని లేదు. ఊరి పెద్దలు చెప్పిన మాటను రాయించి ఇస్తే దాన్నీ ఆధారంగా తీసుకోవాలని ఆ చట్టం నియమాల్లోనే 13వ నియమం కింద ఉంది. మన దగ్గర చాలా ఊళ్లలో ఆ పెద్దలు ఒక్కొక్కరే పోతున్నారు. తొవ్వ ఎరిగిన మనిషి పోతే తొవ్వ కూడా పోయినట్టే. పిల్ల తీసిన సినిమా రేపు ఆఫీసులో చెల్లుతుందా చెల్లదా అన్నది మా చేతిలో లేని మాట, దాని మీద ఆశలు పెట్టి మిమ్మల్ని ఊరించం. కానీ ఆ రాత్రి ముసలివాళ్లు చెప్పింది చెప్పినట్టు ఆమె కాగితం మీద రాసింది. చెట్ల లెక్క, వాగుల పేర్లు, ఏ ఇంటివాళ్లు ఏ దిక్కు పోతారు అన్నీ. ఎనిమిది పేజీలయింది. గ్రామసభలో చదివి వినిపించారు, వేలిముద్రలు పడ్డాయి. ఆ పని ఇంకా నడుస్తోంది.

అమ్మాయి మళ్లీ ఊరికి వచ్చి తొవ్వ మొత్తం తీసింది. ఇప్పుడు ఆ సినిమా పదకొండు నిమిషాలు. అందులో ఆరు నిమిషాలు నడకే.

ఈ నడక సంగతిలో ఆమె ఒంటరిది కాదని మేము తర్వాత చదివాం. 1966లో అమెరికాలో ఆరిజోనా దిక్కు నవాహో ఆదివాసుల దగ్గరికి సోల్ వర్త్, జాన్ అడేర్ అనే ఇద్దరు పరిశోధకులు పోయారు. నవాహోల మీద సినిమా తీయడానికి కాదు, వాళ్ల చేతికే కెమెరాలిచ్చి, మీరే తీయండి అనడానికి. ఒకామె తన తల్లి రగ్గు నేయడాన్ని తీసింది. నేత మాత్రమే తీస్తే పని తొందరగా అయిపోయేది. కానీ గొర్రె బొచ్చు కత్తిరించడం, రంగు కోసం ఆకులు, వేర్లు వెతుకుతూ తిరగడం, అదంతా ఉంది. వాళ్ల సినిమాల్లో మనుషులు నడుస్తూనే ఉంటారని నేర్పినవాళ్లే ఆశ్చర్యపోయారట. మనకు ఆశ్చర్యం ఎందుకు? కేస్లాపూర్ నాగోబా జాతర ముందు మన మెస్రం వాళ్లు ఏం చేస్తారు? గోదావరి నీళ్ల కోసం హస్తినమడుగు దాకా కాలినడకన పోయి వస్తారు. జాతర ఆ నడకతోనే మొదలవుతుంది. టీవీ వాళ్లు మాత్రం దర్బారు రోజు వస్తారు.

అదే నవాహోల్లో ఒక పెద్దమనిషి మొదట్లోనే అడిగాడట, ఈ సినిమాల వల్ల గొర్రెలకు నష్టమేమన్నా ఉందా అని. లేదన్నారు. లాభమేమన్నా ఉందా అంటే, అదీ లేదన్నారు. మరి ఎందుకు తీయడం అన్నాడు. ఈ ప్రశ్నను మేము మా హాస్టల్ బోర్డు మీద రాశాం. ప్రతి పిల్ల సినిమా మొదలుపెట్టే ముందు గొర్రెలకు బదులు తన ఊరి పేరు పెట్టుకుని జవాబు చెప్పాలి.

భాష గురించి కొంచెం. అమ్మమ్మ మాట్లాడేది గోండి. 2011 జనగణనలో గోండి మాతృభాష అన్నవాళ్లు దాదాపు 30 లక్షలు. అంతమంది భాష కూడా మనకు తెర మీద వినపడదు. స్టూడియో వాళ్లు తెలుగులో వెనకనుంచి మాట పెట్టమన్నారు. పిల్ల వినలేదు, కింద తెలుగు అక్షరాలు వేసింది. అది చెప్పినంత సులువు కాదు. వాగు మలుపుకు, వాగు లోతుకు, వాగులో నీళ్లు నిలిచే గుంటకు అమ్మమ్మ వేరువేరు మాటలు వాడింది, తెలుగులో రాస్తే మూడూ వాగే అయింది. ఒక్క నిమిషం మాటకు ఒక సాయంత్రం పట్టిందన్నది. సినిమా పేరును మాత్రం గుంజాల గోండి లిపిలో వేసింది. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి అది. 2018లో యూనికోడ్‌లో చేరింది కాబట్టి ఇప్పుడు ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఫాంట్‌తో ఎవరైనా రాయొచ్చు. ఊళ్లో చదవగలిగింది ఇద్దరో ముగ్గురో. అయినా తెర మీద ఆ అక్షరాలు పడ్డప్పుడు జనం గప్‌చుప్ అయ్యారు.

పేర్లు కూడా వేసింది, ఆఖర్లో, మైక్ పట్టిన తమ్ముడి దాకా. మనల్ని ఫొటోలు తీయడం కొత్త కాదు. హైమన్‌డార్ఫ్ దొర 1940లలో మార్లవాయిలో ఉండి తీసిన ఫొటోలు ఇప్పుడు లండన్‌లో సోయాస్ అనే విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి, కొన్ని ఇంటర్నెట్‌లో కూడా చూడొచ్చు. ఆయన మనకు మేలు చేసినవాడు. భార్య ఎలిజబెత్ గారి సమాధి మార్లవాయిలోనే ఉంది, మనవాళ్లు ఏటా జనవరి 11న దండం పెట్టుకుంటారు. మీ ఊరి పెద్దలు ఇంకా ఉండగానే ఆ ఫొటోలు ఫోన్‌లో తెరిచి వాళ్ల ముందు పెట్టండి, ఎవరెవరో అడిగి రాసుకోండి. ఇది సినిమా కన్నా ముందు చేయాల్సిన పని అని మా అభిప్రాయం.

మీలో కొందరికి ఆర్‌ఆర్‌ఆర్ గుర్తొస్తుండొచ్చు. భీం పేరు లోకమంతా తెలిసింది, సంతోషమే. ఆ కథ కల్పన అని తీసినవాళ్లే చెప్పారు. 2023 మార్చిలో దాని పాటకు ఆస్కార్ వచ్చిన రాత్రే, తమిళనాడు ముదుమలై అడవిలో ఏనుగు పిల్లలను సాకే ఆదివాసీ దంపతుల మీద తీసిన 'ది ఎలిఫెంట్ విస్పరర్స్'కు చిన్న డాక్యుమెంటరీ ఆస్కార్ వచ్చింది. పాట గురించి మన పిల్లలందరికీ తెలుసు, రెండోదాని గురించి అడిగితే మా హాస్టల్‌లో చెయ్యెత్తింది ఒక్కరే.

అమ్మాయి ఇప్పుడు ఒక తోటి పెద్దాయనను తీస్తోంది. కీక్రి వాయిస్తూ మన పేన్ల కథలు పాడే ఆయన. వాళ్ల ఇళ్లలో ఆ పాట నేర్చుకునే పిల్లలు తగ్గారు. ఆయన మూడు షరతులు పెట్టారు. ఫలానా కథ పండుగ రోజుల్లో తప్ప పాడరు, కాబట్టి కెమెరా కోసం అడగొద్దు. పాడింది ముక్కలు చేయొద్దు. ఫోన్‌లలో పంచొద్దు, ఊళ్లో చూపించాలి. మూడో షరతు మీద బేరం ఇంకా నడుస్తోంది. కరీంనగర్‌లో ఒకసారి చూపిస్తానని ఆమె, ముందు తన మనవడు నేర్చుకోవాలి, ఆ తర్వాతే అని ఆయన. మేము మాత్రం పెద్దాయన వైపే. మనవడు మా హాస్టల్‌లోనే ఏడో తరగతి. ఇప్పటికి కీక్రి పట్టడం వరకు వచ్చింది.

సెలవులకు వచ్చినప్పుడు ఆదివారాలు అమ్మాయి మా హాస్టల్ వరండాలోనే కూర్చుంటుంది. నేర్చుకోవాలనుకునే వాళ్లు రండి. మైకులు రెండున్నాయి, ప్రొజెక్టర్ అడిగి తెస్తాం. ఫోన్ ఛార్జింగ్ చేసుకుని రండి, మధ్యాహ్నం కరెంటు ఉండదు. పొద్దున్నే రావాలి, మొదట రెండు గంటలు ఫోన్ తీయనివ్వదు, ఊరికే నడిపిస్తుంది.

రాం రాం.